ఆపరేటరమ్మకు ఇవ్వని లైను

ఆపరేటరమ్మ పోయిన సంగతి నాకు మా కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందని ఎవరో అడిగారు. దాని కింద ఆమె ఫొటో ఉంది. ఫొటో కింద ఆమె మేనల్లుడు రాసిన నాలుగు వాక్యాలు. మా మేనత్త ఈ ఉదయం ప్రశాంతంగా కన్నుమూశారు, చివరిదాకా కంప్యూటర్, ఇంటర్నెట్ సహా ఆమెకు ఏ లోటూ రాకుండా చూసుకున్నాం, అని. ఆ వాక్యాల కింద అప్పటికే చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చి పడుతున్నాయి.

నేను బేగంపేటలో ఆఫీసులో ఉన్నాను. మా ఇంటికీ ఆమె గదికీ మధ్య ఒక్క గోడ. గోడ అవతల మనిషి పోతే, ఆ కబురు ఊరు చుట్టి నా దగ్గరికి వచ్చింది.

మెట్రోలో సికింద్రాబాద్ దాకా, అక్కడినుంచి ఆటోలో మల్కాజ్‌గిరికి వచ్చేసరికి వాళ్ల వాకిలి కడుగుతున్నారు. ఆ నీళ్లు గేటు కిందనుంచి వీధిలోకి వస్తున్నాయి. మనిషిని అప్పటికే తీసుకెళ్లిపోయారు. మేనల్లుడి భార్య నన్ను చూసి కళ్లు తుడుచుకుంది. మీకు చెప్దామనుకున్నం అక్కా, ఆఫీసుల బిజీగ ఉంటరని చెప్పలే, అంది. ఆ ఇంట్లో ఎప్పుడూ అంతే. ఏ పని చేసినా అది మన మేలు కోసమే చేసినట్టు ఉంటుంది.

ఆ వాట్సాప్ వాక్యం ఒక్కటీ లేకపోతే నేనిది రాసేదాన్ని కాదేమో. కంప్యూటర్, ఇంటర్నెట్ సహా. ఆ రెండు మాటలూ ఆరోజునుంచీ నన్ను వదలడం లేదు. ఇలా రాయడం ఆపరేటరమ్మకు నచ్చదని తెలుసు. అయినా రాస్తున్నాను.

మా వీధిలో ఆమెను పేరుతో పిలిచినవాళ్లు లేరు. చిన్నాపెద్దా అందరికీ ఆపరేటరమ్మే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంక్ కాల్స్ కలిపే పనిలో చేరి, ఆ పనే లేకుండా పోయాక ఇంకో సీట్లో కూర్చుని రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తమ్ముడు ఇల్లు కట్టినప్పుడు వెనకవైపు అక్క కోసమే ఒక గది వేయించాడు. ఆ గది కిటికీ మా వంటింటి కిటికీకి ఎదురుగా, గోడకు అటూ ఇటూ అన్నట్టు ఉంటుంది. తమ్ముడూ మరదలూ పోయాక ముందు ఇంట్లో మేనల్లుడి సంసారం, వెనక గదిలో ఆమె.

ఫోన్ ఎత్తితే "హలో" అనేది కాదు. "చెప్పండి" అనేది. రోజూ పొద్దున ఫోన్‌ను తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడిచేది. అది కూడా మీటలున్న ఫోనే. వేలితో రాసే ఫోన్లంటే ఆమెకు చిరాకు. కోపం ముక్కుమీదే ఉండేది. నేను పెళ్లై ఈ ఇంటికొచ్చిన కొత్తలో గోడ మీదుగా ఏదో హడావిడిగా చెబుతుంటే మధ్యలో ఆపింది. "నిమ్మళంగ చెప్పు బిడ్డా. నీ మాట నాకు చేరినంకనే నీ పని అయినట్టు. నీ నోట్లెకెల్లి వచ్చుడుతోని అయిపోలే."

మేం ముస్లింలం. మా అత్తగారిది వరంగల్ వైపు, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అత్తగారూ ఆపరేటరమ్మా గోడకు అటొకరు ఇటొకరు నిలబడి గంటలు గంటలు మాట్లాడుకునేవారు. మా అత్తగారు ఇరుగుపొరుగు కబుర్లు అడిగితే మాత్రం ఆపరేటరమ్మ పెదవి విప్పేది కాదు. ఎక్స్ఛేంజీలో ఎవరెవరి కాపురాలు, ఎవరెవరి ఏడుపులు విన్నదో, ఒక్కటీ బయట పెట్టలేదు. "మేం లైన్ కలుపుతం. ఆళ్ల మాటలు చెవుల పడ్తయి. చెవులనే ఉండాలె, నోట్లెకు రావద్దు," అనేది. అత్తగారు పోయాక ఆ గోడ దగ్గర నేను నిలబడడం మొదలుపెట్టాను.

ఇంకొకటి చెప్పాలి. ఆమె ఎవరినీ ఏదీ అడిగేది కాదు. కరివేపాకు రెబ్బ కూడా. లేకపోతే లేకుండా వండుకునేది.

రిటైరైన చాలా ఏళ్లకు ఆమెకు మళ్లీ ఒక పని దొరికింది. సికింద్రాబాద్ బస్టాండులో ఒక అమ్మాయి ఫలానా బస్సు వచ్చిందా అని పక్కవాళ్లను అడుగుతోందట. చూపు లేని పిల్ల, జనగామ వైపునుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆపరేటరమ్మ ఆమెను బస్సు ఎక్కించింది, తనూ ఎక్కింది. సంచిలో ఏముందంటే పుస్తకాలన్నది ఆ అమ్మాయి. ఎలా చదువుతావంటే, ఎవరన్నా చదివితే వింటానన్నది. దిగేలోపల నేను చదివిపెడతానని ఈమె చెప్పేసింది.

అలా మొదలైంది. తమ్ముడు కొనిచ్చిన పాత కంప్యూటర్, దానికి ఒక మైకు. పొద్దున టిఫిన్ కాగానే తలుపేసుకుని చదివేది. పాఠ్యపుస్తకాలు, సైకాలజీ, బోధన పద్ధతులు, టీచర్ పరీక్షకు ఏవి కావాలంటే అవి. రైలు వెళితే ఆగేది. మా వీధి మసీదులో అజాన్ అయితే ఆగేది. కుక్కర్ కూత పడితే ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదివేది. నేను సెలవురోజు వంటింట్లో ఉంటే ఆ గొంతు వినిపించేది, ఎక్కడా తొందర లేకుండా. బొమ్మ ఉన్నచోట బొమ్మలో ఏముందో చెప్పేది. పట్టిక వస్తే అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చదివేది. చదివినవి నెట్‌లో పంపేది. ఆ అమ్మాయి తన హాస్టల్లో మిగతావాళ్లకు ఇచ్చేది. అటునుంచి కొత్త పాఠాల పేజీలు స్కాన్ చేయించి పంపేవారు. మా వెనక గోడ అవతల ఇంత పని నడుస్తోందని కాలనీలో ఎవరికీ తెలియదు. ఆమె చెప్పుకోలేదు.

నెట్ ముందు ఇంట్లోనుంచి ఒక తీగ మీద వచ్చేది. తమ్ముడు ఉన్నప్పుడు గోడ వెంబడి వేయించిన తీగ అది. ఇంటికి రంగులు వేయించినప్పుడు మేనల్లుడు ఆ తీగ పీకించాడు. రంగులయ్యాక మళ్లీ వేయలేదు. కనెక్షన్ కూడా కొత్తది పెట్టించాడు. ఇప్పుడంతా వైఫైయే అత్తా, తీగలెవరు పెడ్తున్నరు అన్నాడట. ఆమె కంప్యూటర్‌లో వైఫై లేదు. నేను ఆఫీసునుంచి ఒక చిన్న వైఫై పరికరం తెచ్చి గుచ్చి చూశాను. ఆ గదిదాకా వచ్చే కొద్దిపాటి సిగ్నల్ దానికి చాలలేదు.

అప్పుడు ఆమె అటకమీద పడి ఉన్న పాత రూటర్ గురించి చెప్పింది. కొత్త కనెక్షన్ వచ్చాక మేనల్లుడు పక్కన పడేసినది అది. దానికి రెండు యాంటెనాలున్నాయి. ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పనే నాది కాబట్టి చేయవచ్చని చెప్పాను. మామూలుగా రూటర్ నెట్‌ను ఇంట్లో పంచుతుంది. దాన్నే క్లయింట్‌గా మారిస్తే పంచడం మానేసి, ఇంకో రూటర్ పంచేదాన్ని గాలిలోంచి అందుకుని, తీగ ద్వారా కంప్యూటర్‌కు ఇస్తుంది.

ఇది పెద్దదాన్నుంచి లైన్ తీస్కునే మా సబ్ ఎక్స్ఛేంజీ లెక్కనే ఉన్నది గదా, అంది ఆమె.

ఒక ఆదివారం కూర్చున్నాం. ఆమె తన చీర పిన్నీసు తీసి ఇస్తే దానితో రూటర్ వెనక చిన్న రంధ్రం నొక్కి పాత సెట్టింగులన్నీ చెరిపాను. తీగతో కంప్యూటర్‌కు కలిపాం. దాని పేజీ తెరిచి క్లయింట్ అన్న గుర్తు పెట్టాను. చుట్టుపక్కల సిగ్నళ్ల పేర్లు వచ్చాయి, అందులో వాళ్ల ఇంటి పేరూ ఉంది. పాస్‌వర్డ్ మేనల్లుడే చెప్పాడు, ఆ పాత డబ్బాతోని ఏమైతది అత్తా అని నవ్వుతూ. పాస్‌వర్డ్ ఇచ్చాం. కలిసింది. కానీ నెట్ రాలేదు.

ఎంతసేపు చూసినా రాలేదు. చివరికి సంగతి తెలిసింది. ముందు ఇంట్లో కొత్త రూటర్‌కూ ఈ పాతదానికీ పుట్టుకతో వచ్చిన అడ్రస్ ఒకటే. నేను అది చెప్పగానే ఆమె నవ్వింది, చాలారోజుల తర్వాత. "రెండు ఎక్స్ఛేంజీలు ఒకే నంబర్ పెట్టుకుంటే కాల్ ఏడికి పోతది? చిన్నదాని నంబర్ మార్చు." చిన్నదాని అడ్రస్ మార్చాను. అడ్రస్‌లు పంచిపెట్టే పని కూడా దాన్నుంచి తీసేసి పెద్దదానికే వదిలేశాను. దాన్ని కిటికీ గూట్లో పెట్టి, యాంటెనా ఒకటి నిలువుగా, ఒకటి కొంచెం వాల్చి ఉంచాం. మొదటి ఫైలు కదలడం చూసి ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఆ పూట నాకు చాయ్ ఆమే పెట్టింది. చక్కెర మర్చిపోయింది. నేను చెప్పలేదు.

కొన్ని వారాలు బాగా సాగింది. ఆ తర్వాత ఒకరోజు ఆగిపోయింది.

మేనల్లుడిని అడిగిందట. నెట్ పోయింది అత్తా, కంప్లైంట్ ఇచ్చిన, అన్నాడు. మర్నాడు అడిగితే ఇవాళ వస్తరట అన్నాడు. ఆపైన కేబుల్ యాడనో తెగిందట అన్నాడు. అతను ఇంటినుంచే ఆఫీసు పని చేస్తాడు. రోజంతా హెడ్‌ఫోన్ పెట్టుకుని మీటింగుల్లో మాట్లాడుతూనే ఉన్నాడు. నెట్ పోయిన ఇంట్లో అవి ఎలా సాగుతున్నాయో ఆమె అడగలేదు. నన్ను పిలిచింది. మన డబ్బాలనే ఏమన్న తప్పున్నదేమో చూడు బిడ్డా, అంది.

నేను పాత రూటర్ పేజీ తెరిచాను. వాళ్ల ఇంటి పేరు కనిపిస్తోంది, సిగ్నల్ ఎప్పటిలాగే ఉంది. కలపమంటే పాస్‌వర్డ్ తప్పు అంటోంది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. నెట్ నిజంగా పోతే రూటర్‌దాకా వెళ్లి, ఆపైన దారి లేక ఆగుతుంది. ఇది గుమ్మంలోనే ఆపుతోంది. తలుపు తాళం మార్చారు.

నేను ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. ఆమె తెర మీద అక్షరాలు చదవనే చదివింది.

"లైన్ డెడ్ ఉంటే ఒక సప్పుడు. ఎంగేజ్ ఉంటే ఒక సప్పుడు. అవతలోళ్లు ఉండి ఎత్తకపోతే ఒక సప్పుడు. ముప్పై ఏండ్లు గదే విన్న. నాకు తెల్వదా బిడ్డా."

కళ్లజోడు తీసి ఒడిలో పెట్టుకుంది. నేను వెళ్లి అతన్ని అడుగుతానన్నాను. వద్దంది. ఆమె ఫైళ్లు పంపేటప్పుడు తన మీటింగు మధ్యలో ఆగిపోతోందని అతను భార్యతో అంటుంటే వాకిట్లో విన్నదట, ఎప్పుడో. ఆ ఒక్క మాటా నా మొహం మీద అని ఉంటే, నీ పని లేనప్పుడే పంపుకుంటనురా అనేదాన్ని కదా అంది. నాకు మాత్రం అక్కడే చేదు మొదలైంది. నెట్ ఇవ్వనంటే ఒక బాధ. ఇవ్వకపోవడమే కాక, రోజూ అడిగించుకుని రోజూ ఒక అబద్ధం చెప్పి పంపడం ఇంకో బాధ. ఎన్నో ఇళ్ల మాటలు మోసిన మనిషికి సొంత ఇంట్లో ఒక నిజం మాట దొరకలేదు.

నేను ఇంటికొచ్చి వంటింట్లో ఉన్నాను. గోడ దగ్గర్నుంచి పిలిచింది. వెళ్లాను. గోడ మీది నాచు గోటితో గీస్తూ నిలబడింది. "ఆ పిల్లకు పరీక్ష దగ్గరికొచ్చింది," అంది. ఆపైన నా మొహం చూడకుండా, "మీ లైన్ల జెర జాగ ఉంటదా?" అంది.

కరివేపాకు అడగని మనిషి. నేను అప్పుడే గోడ పక్కనుంచి తిరిగి వాళ్లింటికి వెళ్లి ఆ చిన్న రూటర్‌లో మా పేరు ఎంచి మా పాస్‌వర్డ్ పెట్టాను. మా రూటర్ వంటింటి కిటికీకి దగ్గరే కాబట్టి వాళ్ల ఇంటి సిగ్నల్ కంటే మాదే బాగా అందింది. ఆ సాయంత్రం లాలాగూడ రైల్వే వర్క్‌షాపునుంచి మా ఆయన వచ్చాక చెప్పాను. మంచి పని చేసినవ్, ముందే ఇవ్వాల్సింది అన్నాడు.

మళ్లీ పొద్దున్నే ఆమె గొంతు వినిపించింది. ఆ రోజుల్లో ఆమె చదవడంలో ఒక ఆత్రం ఉండేది. ఆగినన్నాళ్ల పాఠాలు కూడగట్టుకుంటున్నట్టు రెండేసి అధ్యాయాలు చదివేది. మాట్లాడబోతే చేయి అడ్డం పెట్టేది. నేను సెలవురోజు కిటికీలోంచి అన్నం తిన్నారా అంటే, అయ్యో తినలే, అనేది నిజంగా ఆశ్చర్యపోతూ.

మేనల్లుడికి తెలిసింది. గూట్లో పాత రూటర్ దీపాలు వెలుగుతున్నాయని భార్య చెప్పి ఉంటుంది. తన రూటర్‌కు కలిసినవాటిలో చూసుకుంటే ఆమెది లేదు. ఒక ఆదివారం మా ఇంటికొచ్చాడు. చెప్పులు బయట విడిచి, చాలా మర్యాదగా కూర్చున్నాడు. మా ఆయన్ను భాయ్ అనీ, నన్ను అక్కా అనీ పిలుస్తూ, చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"అక్కా, ఒక చిన్న మాట. మీరు మంచికే చేసిన్రు, నేను కాదంట లేను. కానీ మా ఇంటి మనిషి బయట అడుక్కుంటున్నట్టు అయితున్నది. నలుగురు ఏమనుకుంటరు? మీరు ఆ పాస్‌వర్డ్ మార్చేయండి. మా అత్తకు నేను చెప్పుకుంట."

"మీరు మార్చిన్రు గద, మళ్ల నేను సుత మార్చాల్నా?" అన్నాను.

అతని మొహం మారలేదు. మా దాంట్ల ఏదో ప్రాబ్లం ఉండె అక్కా, అన్నాడు. మా ఆయన లేచి నిలబడి, మా ఇంటి నెట్ ఎవరికిచ్చుకుంటే మీకెందుకు భాయ్ అన్నాడు. అతను నవ్వాడు. కరెక్టే భాయ్, కరెక్టే, అంటూ చెప్పులేసుకుని వెళ్లాడు. అతను ఏనాడూ గొంతు పెంచలేదు. అరిచే మనిషైతే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. అరుపుకు జవాబుంటుంది.

ఆ వారంలోనే గోడ మీద ఇనుప రేకులు వచ్చాయి. కోతులు వస్తున్నయని పెట్టిస్తున్నం అక్కా, అంది అతని భార్య. మా వైపు కోతులు రావని కాదు, వస్తాయి. కానీ రేకులు మిగతా గోడంతా వదిలేసి ఆమె కిటికీకీ మా వంటింటి కిటికీకీ మధ్య ఉన్న ఆ ముక్కకే బిగించారు. గోడకంటే ఎత్తుగా, మనిషి తల కూడా అవతలికి కనిపించనంతగా. రేకు అడ్డమైతే వైఫై సరిగా దాటదు. ఇంటినుంచి పనిచేసే మనిషికి అది తెలియకపోదు.

నేను మా రూటర్ పైకెక్కించి చూశాను, పక్క గదిలో పెట్టి చూశాను. కాస్త వచ్చేది, పోయేది. ఫైలు సగంలో తెగేది. పెన్ డ్రైవ్‌లో వేసి ఇమ్మన్నాను, మా ఇంట్లోంచి పంపుతానని. మేం నిలబడే చోట రేకు వచ్చింది, మిగతా గోడకు వాళ్ల ఇల్లే ఆనుకుని ఉంది కాబట్టి ముందు గేటులోంచి వెళ్లాలి. మొదటిసారి వెళితే అతని భార్య కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. ఆపరేటరమ్మ బయటికొచ్చి ఇచ్చింది. తర్వాత వెళితే ఇప్పుడే పడుకున్నరు అక్కా, అంది. ఇంకోసారి స్నానానికి పోయిన్రు అంది. మరోసారి ఒంట్ల బాగలేదు, లేపద్దన్నరు అంది. నేను వెనక్కి వచ్చి వంటింట్లో నిలబడితే, రేకు అవతల ఆమె చదువుతున్న గొంతు సన్నగా వినిపించేది.

ఆపరేటరమ్మ చివరికి ఫోన్ మీదికి వచ్చింది. ఆ మీటల ఫోన్ చెవికి పెట్టుకుని, ఆ అమ్మాయికి నేరుగా చదివి వినిపించేది. అమ్మాయి అవతల రికార్డు చేసుకునేది. కానీ ఆమె కూర్చునే చోట ఫోన్ సిగ్నల్ అంతంత మాత్రం, మాట తెగుతుంది. వాకిట్లోకి వస్తేనే అందుతుంది. చలికాలం పొద్దున వాకిట్లో ఉతికే బండ మీద కూర్చుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని ఆమె సైకాలజీ పాఠం చదువుతుంటే నేను మేడమీదనుంచి చూశాను. దగ్గు వస్తే ఫోన్ దూరంగా పెట్టి దగ్గి, "మాఫ్ చెయ్యి బిడ్డా, మళ్ల ఆ పేరా షురూ చేస్త," అనేది. గదిలో మాత్రం మైకు ముందు రికార్డు చేయడం ఆపలేదు. నెట్ ఎప్పటికైనా వస్తుందనో, లేక మాట తెగకుండా ఒక ప్రతి ఉండాలనో. చివరి పేపరు పాఠాలన్నీ కంప్యూటర్‌లో పెట్టిన, నువ్వు ఎప్పుడొచ్చినా తీస్కపో, అని మేడమీదున్న నాతో ఒకసారి చెప్పింది.

ఎందుకమ్మా ఇదంతా పడతారు, ఒక్కసారి గట్టిగా అడగరాదా అన్నాను అప్పుడు. "అడిగితే ఇంకో అబద్ధం చెప్తడు. పిలగాని నోట ఎన్ని చెప్పియ్యాలె?" అంది.

దగ్గు ముదిరింది. ఆసుపత్రిలో చేర్చారు, బాగుందని తెచ్చారు. నేను చూడ్డానికి వెళితే, ఇన్ఫెక్షన్ వస్తదని డాక్టర్లు ఎవరినీ రానియ్యద్దన్నరు అన్నారు. ఆ తర్వాత నాకు తెలిసింది, ముందే చెప్పినట్టు, గ్రూపులో.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఆ అమ్మాయి వచ్చింది. హాస్టల్లో ఒక తోటిపిల్లను తోడు తీసుకుని, దారి అడుగుతూ మా ఇంటికే ముందు వచ్చింది, గోడవతల ఉంటారని ఆపరేటరమ్మ చెప్పి ఉందట. నేను వాళ్లను తీసుకుని ముందు గేటులోంచి వెళ్లాను. మేనల్లుడు ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. అమ్మాయి కూడా చేతులు జోడించింది, అతను ఉన్నవైపుకు కొంచెం పక్కగా. మేడం చివరి పేపరు పాఠాలు కంప్యూటర్ల పెట్టిన అన్నరు సార్, అవి తీస్కపోదామని వచ్చిన, అంది.

అతను చాలా నొచ్చుకున్నట్టు మాట్లాడాడు. అయ్యో, నిన్న మొన్న చెప్పినా ఉంచేవాళ్లం అన్నాడు. గది ఖాళీ చేసి సున్నం వేయించామనీ, పాత కంప్యూటర్ ఎవరికీ పనికిరాదని పాత సామాను తీసుకునేవాళ్లకు ఇచ్చేశామనీ, అందులో ఏమున్నాయో తమకు తెలియదనీ చెప్పాడు. తెలియదు. ఆమె పొద్దస్తమానం ఏం చదువుతోందో ఆ ఇంట్లో తెలియకపోవడం నిజమే కావచ్చు. ఆ మాట ఒక్కటీ అబద్ధం కాదేమో.

పరీక్ష వచ్చే నెలలో. ఆ పేపరు పాఠాలు ఫోన్‌లో తెగిపోతూ వచ్చినవే అమ్మాయి దగ్గరున్నాయి. కోపం తెచ్చుకుంటుందేమో అని చూశాను. తెచ్చుకోలేదు. ఒక్కసారి మేడం గది చూడొచ్చా అని అడిగింది.

వెనక్కి తీసుకెళ్లాం. తలుపు తీశారు. కొత్త సున్నం వాసన. మంచం లేదు, బట్టల దండెం లేదు, పుస్తకాల బీరువా లేదు. నాలుగు తెల్ల గోడలు, కిటికీ బయట ఇనుప రేకు. తోటిపిల్ల చేయి వదిలేసి అమ్మాయి గది మధ్యలోకి నడిచింది. నిలబడి, తల కొంచెం వంచి, మెల్లగా "మేడం" అంది.

ఆ ఖాళీ గది ఆ మాటను తిప్పి ఇచ్చింది, కొంచెం పెద్దదిగా.

అమ్మాయి మా వైపు తిరిగింది. ఆ గదిని ఆమె రికార్డింగుల్లో ఎన్నో గంటలు విన్నది. ప్రతి పాఠం వెనకా ఉన్న ఆ గది ఇలా మారుమోగేది కాదు.

"ఇది కాదు," అంది. "మేడం చదివిన రూమ్ ఇది కాదు. తప్పు రూముకు తెచ్చిన్రు."

ఇదేనమ్మా, అన్నాడు మేనల్లుడు. ఇదే, అంది అతని భార్య కూడా. అమ్మాయి నమ్మలేదు. తల అడ్డంగా ఊపుతూ, రెండు చేతులూ ముందుకు చాచి, ఆ గది గోడలు తడుముకుంటూ ఇంకో తలుపు ఎక్కడైనా ఉందేమో అని వెతుకుతూ పోయింది. ఆరీ ఆరని సున్నం ఆమె అరచేతులకు తెల్లగా అంటుకుంటోంది.